గాలి కొట్టించి బిగించుట అను పొదుపు

పాత కర్నూలు, కడప జిల్లాలలో కారు కొన్నవారు సర్వీసు బిల్లును పంక్తి పంక్తిగా అనుమానదృష్టితో చదువుట క్రమముగా నేర్చుకొనిరి. ఇది మెచ్చదగిన విద్యయే. అడుగకయే చేసిన ఏసీ శుద్ధికిని, వానలే యరుదైన సీమలో కారు అడుగుభాగమునకు పూసిన తుప్పుమందునకును, మూడు నెలలైనను నిలువని పాలిషునకును వేల రూపాయలు చెల్లించి యింటికి వచ్చిన గృహస్థుడు, మరుసటి సర్వీసునాటికైనను ఎక్కడనో ఒకచోట గట్టిగా నిలిచి "ఇది వద్దు" అని చెప్పవలెనని నిశ్చయించుకొనుటలో ఆశ్చర్యము లేదు. ఆశ్చర్యమెల్ల అతడు నిలుచుటకు ఎన్నుకొన్న చోటును గూర్చియే. తుప్పుమందు వలదనడు, పాలిషు వలదనడు. కొన్ని వందల రూపాయలకు దొరకునదియు, ఆ బిల్లులోని వస్తువులన్నింటిలో తన యూపిరితిత్తులకు మిక్కిలి సన్నిహితమైనదియు నగు క్యాబిన్ ఫిల్టరును మాత్రము తీసివేయించి, ఏదో ఘనవిజయము సాధించినవానివలె బయటికి వచ్చును.

ఈ నిరాకరణము ఏ యొక్కరి పిసినారితనమో కాదు. అది యొక సిద్ధాంతము. మెకానిక్ షెడ్లలోను, టీ బంకుల యొద్దను, రిటైరైన యుద్యోగుల యుదయపు నడకలలోను, క్రొత్తగా కారు కొన్న మేనల్లునికి మేనమామ చేయు హితబోధలోను అది నిర్వివాదముగా చెల్లుబాటగుచున్నది. దాని సూత్రవాక్యము ఇది: "దానికి గాలి గొట్టిచ్చి మళ్లా యేసుకుంటే సరిపాయ, మార్చేదంతా షోరూమోళ్ల యాపారం." ఈ సూత్రమునకు భాష్యములు కూడ పుట్టినవి. లోపలి గాలినే మరల త్రిప్పు మీటను నొక్కియుంచినచో బయటి దుమ్ముతో పనియేమని ఒకరు, దుమ్ములో పుట్టి దుమ్ములో పెరిగిన దేహమునకు ఈ యుపచారము లెందుకని వేరొకరు, బండ్లమీద పోవువారును నడచి పోవువారును పీల్చు గాలియే కదా యని ఇంకొకరు. వీనిలో ప్రతిదానియందును రవంత సత్యము కలదు. అందువలననే అవి యింతకాలము బ్రతికినవి. ఆ రవంతను వాని కిచ్చివేసి, తక్కినది ఎంత యసత్యమో, అందును మన యీ రెండు జిల్లాలలో ఎంత కీడు చేయు నసత్యమో చూపుటకే నేను పూనుకొంటిని.

ముందుగా వస్తుస్వరూపము. ముందరి అద్దము క్రింద, బానెట్టు చివరనుండు జాలీగుండా బయటి గాలి కారులోనికి వచ్చును. బ్లోయరు దానిని లాగి, ఏసీ కూలింగ్ కాయిలు మీదుగా మన ముఖముల కెదురుగా నున్న రంధ్రములలోనికి త్రోయును. ఈ మార్గమున, చాల కార్లలో గ్లవ్ బాక్సు వెనుక, మడతలు మడతలుగా నున్న యొక తేలికపాటి పలక అమర్చబడి యుండును; మనవారు దానినే ఏసీ ఫిల్టరు అందురు. చౌక కార్లు కొన్నింటిలో దానిని దోపుటకు చోటు మాత్రముండి ఫిల్టరే యుండదు. కొన్నవారు ఏండ్ల తరబడి ఆ సంగతి యెరుగరు. ఇంజను పీల్చు గాలికి వేరొక ఫిల్టరు కలదు. దానిని మార్చునపుడు ఎవ్వరును బేరమాడరు, ఇంజనుకు కీడు కలుగునేమో యను భయము చేత. బేరమెల్ల మనుష్యులు పీల్చు గాలి దగ్గరనే. ఇది నిన్న మొన్న ఏదో షోరూములో పుట్టిన యెత్తుగడ కూడ కాదు. అమెరికాలోని నాష్ కంపెనీ 1938 నాటి కార్లలోనే బయటి గాలిని వడకట్టి, వెచ్చజేసి లోపలికి పంపు నేర్పాటు చేసెను. కారులోపలి ఫిల్టర్లు ధూళిని ఎంతవరకు పట్టగలవో పరీక్షించు పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణసంస్థ 2001లో ఐఎస్ఓ 11155 అను పేరిట ప్రత్యేకముగా నిర్ణయించెను.

ఇక మన దుమ్ము సంగతి. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో కడప, కర్నూలు శిలాసమూహములను గూర్చి గ్రంథము ప్రకటించినది మొదలు మన యూళ్ల పేర్లు లోకమందలి భూగర్భశాస్త్రజ్ఞుల కెల్ల పరిచితములే. ఆ శిలలే నేడు వేలమందికి జీవనాధారమైనవి, ఆ శిలల పొడియే మనకందరికిని శ్వాసలో భాగమైనది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతములలో నాపరాతిని కోసి నునుపుచేయు యంత్రములనుండి నీటితో కలిసి వచ్చు తెల్లని బురద, దారుల ప్రక్కను కుప్పలై, యెండి, లారీచక్రముల క్రింద నలిగి మెత్తని పిండియై లేచును. ఎర్రగుంట్ల, చిలంకూరు, జమ్మలమడుగు దారులలో సిమెంటు పరిశ్రమలకు సున్నపురాతిని మోయు టిప్పర్లును, కలమల్ల యొద్దనున్న రాయలసీమ తాపవిద్యుత్కేంద్రపు బూడిదను తరలించు లారీలును రేయింబవళ్లు తిరుగుచుండును. పాత కడప జిల్లా యాగ్నేయపు కొసను, ప్రపంచమున పేరెన్నికగన్న మంగంపేట ముగ్గురాతి గనియు, ఆ రాతిని పొడిచేయు మిల్లులును ఉన్నవి. ఆదోని వైపు పోయినచో జిన్నింగు మిల్లుల పత్తినూగు గాలిలో తేలుచుండును. ఇవి చాలవన్నట్లు, నంద్యాల, కోవెలకుంట్ల, ప్రొద్దుటూరు ప్రాంతముల నల్లరేగడి యెండి పప్పుశనగ నూర్పిళ్లనాటికి పొడియై ఎగయును. నైరృతి ఋతుపవనములు తమ తేమనంతయు పడమటి కనుమలకు సమర్పించి, మనకు వట్టి గాలిని మాత్రమే మిగిల్చి వచ్చు ఆషాఢమాసమున, దున్ని వాన కెదురుచూచుచున్న యెర్రనేలల పైపొర యెల్ల నాకాశమునకు లేచును. ఆ వాన పడి కొలదివారములైన పిదప, బీళ్లలోను దారిగట్లమీదను తెల్లగా పూయు వయ్యారిభామ తన పుప్పొడిని దీనికి జేర్చును.

వాడిన ఫిల్టర్లను చేతబట్టి చూచినవారికి ఈ భూగోళము కంటికే కనబడును. ఎర్రగుంట్ల దారిలో నిత్యము తిరుగు కారునుండి తీసినది బూడిదవన్నె. ఆలూరు, పత్తికొండ వైపు పల్లెలు తిరుగు కారుది యిటుకవన్నె. ఆదోని కారుదానిలో మడతలనడుమ దూదిపోగులు, పల్లెటూరి వేపచెట్టు క్రింద నిలిపిన కారుదానిలో ఎండుటాకులును, పురుగుల రెక్కలును, ఒక్కొక్కప్పుడు ఎలుక కూర్చుకొన్న గూడును. కంటికి కనబడు నివన్నియు పెద్ద హాని చేయనివి. కనబడనిదే అసలైనది.

కాలుష్యమనగా ఢిల్లీ వారి కష్టమని, మనది స్వచ్ఛమైన పల్లెగాలియని మనవారికి ఒక విశ్వాసము. ప్రభుత్వపు లెక్క వేరుగా నున్నది. పది మైక్రాన్లకు లోబడిన ధూళి, సంవత్సరపు సగటున, ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములకు మించరాదని 2009 నాటి జాతీయ ప్రమాణములు విధించుచున్నవి; ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో పెట్టిన హద్దు అందులో నాలుగవ వంతు, అనగా 15 మాత్రమే. 2019 జనవరిలో కేంద్రప్రభుత్వము జాతీయ శుద్ధవాయు కార్యక్రమమును ప్రారంభించినపుడు, జాతీయ ప్రమాణమును అందుకొనజాలని నగరముల మొదటి పట్టికలోనే కర్నూలు పేరున్నది. పట్టిక పెరిగినపుడు కడపయు అందులోనికి వచ్చినది. పరిశ్రమల పొగగొట్టములకు దూరముగా, నదుల సంగమమున నున్న పట్టణము మాదని కర్నూలువారు ఎంత చెప్పుకొన్నను, తుంగభద్ర, హంద్రి రెండును కలిసి కూడ ఆ పట్టికనుండి దాని పేరును కడుగలేకపోయినవి.

ఈ దుమ్మును గౌరవించుట నేర్చినవారు మనలోనే లేకపోలేదు. గని, శకునాల అను మన గ్రామముల యొద్ద 2017లో పనిచేయనారంభించిన వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కులో, పలకలమీద దుమ్ము పేరుకొన్నచో విద్యుత్తు తగ్గునని, వానిని పదేపదే తుడుచుట నిత్యకృత్యముగా పెట్టుకొన్నారు. ఆ తుడుపును ఎవ్వరును పలకలమ్మినవారి వ్యాపారమని యనరు. తగ్గిన కరెంటు మీటరులో కనబడును గనుక. ఊపిరితిత్తులకు మీటరు లేకపోవుటయే మనవారి ధైర్యమునకు కారణము.

ఇప్పుడు ప్రధానవాదమునకు వత్తము. గాలి కొట్టినచో ఫిల్టరు మరల క్రొత్తదగును అను నమ్మకమునకు మూలము, ఫిల్టరును జల్లెడగా భావించుట. జల్లెడలో కన్నమున్నది, కన్నముకంటె పెద్దది పైన నిలుచును, చిన్నది జారును, కన్నములు పూడినచో తట్టి దులిపిన మరల జల్లెడ జల్లెడయే. ఫిల్టరు ఇట్టిది కాదు. అది పాలీప్రాపిలీన్ వంటి ప్లాస్టిక్ పోగులను నేయకయే పరచి యతికించిన వస్త్రము. దాని పోగుల నడుమనున్న సందులు, అది పట్టవలసిన సూక్ష్మధూళికంటె ఎన్నోరెట్లు పెద్దవి. అట్లయిన ఎట్లు పట్టును? గాలి ఆ పోగుల చుట్టును మెలికలు తిరిగి పోవునపుడు, బరువైన రేణువు గాలితో సమానముగా మలుపు తిరుగలేక పోగునకు గ్రుద్దుకొని అతుకుకొనును. మధ్యరకపు రేణువు పోగు నొరసికొని పోవుచు చిక్కుకొనును. అతిసూక్ష్మమైనది గాలి యణువుల తాకిడికి అటునిటు తడబడి యేదో యొక పోగుపై వ్రాలును. ఈ మూటికిని తోడు, తయారీలోనే ఆ పోగులకు స్థిరమైన విద్యుదావేశము నిచ్చియుందురు. దగ్గరకు వచ్చిన రేణువును ఆ యావేశము తనకు తానై ఆకర్షించును. పలుచని వస్త్రముచేత, బ్లోయరుకు ఎక్కువ భారము లేకుండ, మైక్రానుకు లోబడిన ధూళిని సైతము పట్టించు రహస్యము ఈ యావేశమే. మైక్రాననగా మిల్లిమీటరులో వేయవ పాలు. మన తలవెండ్రుక మందము యేబది మైక్రాన్లకు తక్కువగా నుండుట యరుదు.

ఇట్టిదానిని తీసికొనిపోయి టైర్ల దుకాణపు కంప్రెసరు గొట్టము క్రింద పెట్టినపుడు ఏమి జరుగును? పైకి కనబడు ఎర్రమన్ను మబ్బువలె లేచిపోవును; పలక తెల్లబడును; యజమాని సంతోషించును. పోగుల లోతులలో అతుకుకొనిన సూక్ష్మధూళి పోదు, కొంత ఇంకను లోతునకు దిగును. గాలియెదురుగా కొట్టినచో ఒక ఫలితము, వెనుకనుండి కొట్టినచో వేరొకటి యని వాదించువారు కలరు. గొట్టము మొనకు దగ్గరగా పెట్టిన సన్ననిపోగుల వస్త్రము ఏ ప్రక్కనుండి కొట్టినను చెదరును, అక్కడక్కడ కంటికి కానరాని చిరుగులు పడును, మడతలు వదులై యొకదానిపై నొకటి వ్రాలును, అంచున అంటించిన స్పాంజి లేచిపోవును. అంచు వదులైన పిదప గాలి ఫిల్టరుగుండా పోవలసిన యక్కర లేదు. ప్రక్కసందునుండియే సుఖముగా పోవును. ఆ కంప్రెసరు గాలిలో నూనెతుంపరయు నీటిచెమ్మయు కలిసియుండుట మరియొక విశేషము: పోగులమీది విద్యుదావేశమును నాశనము చేయు సాధనములలో నూనెతుంపర యొకటి. ఆ విధముగా, దుమ్ము దులుపబోయి, దుమ్మును పట్టు గుణమునే దులిపి వచ్చుచున్నాము. నీళ్లతో కడిగి యెండబెట్టువారిని గూర్చి నేను వేరుగా వ్రాయనక్కరలేదు. వారి ఫిల్టరులో బూజు పెరుగుటకు కూడ వసతి కలుగును. కడిగి మరల వాడుకొనవచ్చునని బజారులో అమ్ము జాలీలు కలవు, నిజమే. అవి ఆకులను, పురుగులను, పత్తినూగును ఆపును, అంతటితో వాని ప్రతాపము సరి.

ప్రతివాదులలో చదువుకొన్నవారు ఇక్కడ ఒక బలమైన యాక్షేపణము తెత్తురు. దానిని దాటవేయుట న్యాయము కాదు. ఫిల్టరు మీద దుమ్ము పేరుకొనుకొలది ఆ దుమ్మే మరియొక ఫిల్టరై ఇంకను సూక్ష్మమైన ధూళిని పట్టును గదా, కావున పాతదే మేలు కాదా యని వారి ప్రశ్న. ఈ మాటలో శాస్త్రమున్నది. అయితే ఆవేశముగల ఫిల్టర్లలో కథ రెండంకములుగా నడచును. తొలుత పడిన దుమ్ము పోగుల యావేశమును కప్పివేయును. అప్పుడు ఫిల్టరు సామర్థ్యము క్రొత్తనాటికంటె తగ్గును. తరువాత దుమ్ముపొర దళసరియైన పిదప సామర్థ్యము పెరుగును గాని, గాలియే పోదు. బ్లోయరు రెండవ అంకెలో రావలసిన చల్లదనము నాలుగవ అంకెలో కూడ రాదు, మోటారు మ్రోగుచుండును, గాలి యధికమైన యొత్తిడితో అంచుల సందులు వెదకికొనును. అప్పుడు యజమాని ఏసీ గ్యాసు తగ్గినదని తలంచి గ్యాసు నింపించును. ఫిల్టరు ధరకు అనేకరెట్లు అక్కడ చెల్లించి, ఫిల్టరులో మిగిల్చిన పొదుపును అందరికిని చెప్పుకొనును.

ఫిల్టరును తప్పించుకొనిన ధూళి ఎక్కడికి పోవును అనునది ఎవ్వరును అడుగని ప్రశ్న. దాని తరువాతి మజిలీ కూలింగ్ కాయిలు. ఏసీ నడచునపుడు ఆ కాయిలు రేకులు నీరుకారుచు తడిగా నుండును. నాపరాతి పొడియు రేగడి మన్నును ఆ తడిమీద వ్రాలినచో ఏమగునో మన సీమవారికి నేను చెప్పవలెనా? సన్నని రేకుల నడుమ అది బురదయై, యెండి, మరల తడిసి, పెచ్చుగట్టును; నీరు పోవు గొట్టము పూడి, ముందరి సీటువాని కాళ్లక్రింద చాప తడియును; కారు తలుపు తీయగానే మ్రగ్గిన చింపిరిగుడ్డ వాసన వచ్చును. ఆ కాయిలును బయటికి తీసి కడుగవలెనన్నచో చాల కార్లలో డ్యాష్‌బోర్డు నంతయు విప్పవలెను. ఒకసారి విప్పిన డ్యాష్‌బోర్డు మరల కిర్రుకిర్రుమనకుండ కుదురుట ఎంత యరుదో, ఆ పని చేయించుకొన్నవారిని అడిగి తెలిసికొనవచ్చును.

లోపలిగాలి మీట వాదము చిన్నది. దారిలో ముందుపోవు టిప్పరు దుమ్ము లేపినపుడు ఆ మీటను నొక్కుట మంచిదే, నేనును నొక్కుదును. కాని కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు రెండువందల కిలోమీటర్ల దారిని, నలుగురు కూర్చున్న కారులో, అదే గాలిని త్రిప్పుచు పోయినచో, మనుష్యులు విడిచిన బొగ్గుపులుసు వాయువు లోపలనే పేరుకొనును. బయటి గాలిలో పదిలక్షల పాళ్లకు 420 పాళ్లకు అటునిటుగా నుండునది, మూసిన కారులో వేల పాళ్లకు ఎక్కుట పెద్ద కాలము పట్టని పని. తల బరువెక్కును, కనురెప్పలు వాలును. రాత్రివేళ నలుబదవ నంబరు జాతీయరహదారిపై డ్రైవరుకు రావలసిన యవస్థ అది కాదు. పైగా చాల కార్లలో లోపలిగాలి కూడ ఆ ఫిల్టరుగుండానే పోవును. చెప్పులతో మనము తెచ్చిన మన్నును, సీటుగుడ్డల దుమ్మును అది పట్టవలసినదే. మీట నొక్కినవాడు ఫిల్టరును తప్పించుకొనలేదు, మరింత ఆధారపడినాడు.

"మేము పుట్టినప్పట్నించి ఈ దుమ్ములోనే తిరగతా ఉండాంలేప్పా, మాకేమైంది?" అను వాదమునకు సమాధానము చెప్పుటకు నాకు కొంత సంకోచము కలుగును, చెప్పువారు తరచుగా నాకంటె పెద్దలు, గట్టి దేహములవారు. కాని దేహము దుమ్మునకు అలవాటుపడునన్న మాట వైద్యమున ఎక్కడను లేదు. పెద్ద రేణువులను ముక్కు, గొంతు ఆపును. వానిని తుమ్ముతోను కఫముతోను బయటికి పంపును. రెండున్నర మైక్రాన్లకు లోబడినవి ఊపిరితిత్తుల కొసనున్న గాలిసంచులదాక పోవును. అక్కడ చేరిన రాతిపొడిని, అందును చెకుముకిరాతి జాతి పొడిని, దేహము కరిగింపలేదు. దానిచుట్టును మచ్చగట్టించుకొనును, ఆ మచ్చ విప్పారదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఆ మచ్చల జబ్బగు సిలికోసిస్‌ను తప్పక తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చినది అలవాటుచేత మానునను నమ్మకముతో కాదు. బయటి గాలి కాలుష్యమును, అందలి సూక్ష్మధూళిని క్యాన్సరు కారకములుగా అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2013లో వర్గీకరించెను. మాకేమైంది యనువారు బ్రతికియున్నవారే. ఏదియో యైనవారు ఈ చర్చకు రాలేరు.

అన్నింటిలోను నన్ను నిలదీయు నాక్షేపణము చివరిది. బేతంచెర్లలో పాలిషు యంత్రము ముందు తువాలు ముఖమునకు చుట్టుకొని నిలిచిన కూలివానికి ఏ ఫిల్టరున్నది? ఎర్రగుంట్ల సందులలో ఆడుకొను పిల్లలకు ఏ ఫిల్టరున్నది? అద్దములు మూసికొని పోవువాని గాలిని గూర్చి యింత వ్యాసమా? ఈ ప్రశ్నలోని ధర్మము నాకు శిరోధార్యము. లారీలకు టార్పాలిను కప్పించుట, రాతిబురదను దారులప్రక్క పోయనీయకుండుట, దారులు తడిపించుట, కూలివానికి నిజమైన ముసుగిప్పించుట, ఇవియే మొదటి పనులు; కారుఫిల్టరు వానికి ప్రత్యామ్నాయము కానేకాదు. కాని ఈ ప్రశ్నను అడుగువారు ఎవరో గమనింపుడు: కలెక్టరాఫీసు ముందు ధూళిని గూర్చి అడిగినవారు కారు, సర్వీసు కౌంటరు ముందు మాత్రము అడుగుచున్నారు. కూలివాని పేరు చెప్పి మిగిల్చిన నాలుగు వందలు కూలివానికి పోవుట లేదు. మరియు, కారులో కూర్చుండువాడు ఎల్లప్పుడును ధనికుడు కాడు. కడప, ప్రొద్దుటూరు, నంద్యాల, కర్నూలు పట్టణములలో బాడుగకార్లు నడుపు డ్రైవర్లు రోజునకు పది పండ్రెండు గంటలు ఆ బ్లోయరు ముఖముననే కూర్చుందురు. యజమాని యింటిలో నుండును, ఫిల్టరు వలదను నిర్ణయము యజమానిది, దుమ్ము డ్రైవరుది. క్యాబిన్ ఫిల్టరు విలాసవస్తువని యనువాడు ముందు ఒక నెల తన కారును తానే బాడుగకు త్రిప్పి రావలెను.

షోరూముల పక్షమున నేను వాదించుచున్నానని తలపకుడు. వారి దోషములు వారికే కలవు. ఫిల్టరునకు పెట్టిన ధరకు తోడు, రెండు నిముషముల పనికి కూలియని వేయు మొత్తము సిగ్గుపడదగినది. మార్చితిమని వ్రాసి పాతదానినే దులిపి పెట్టుటయు వినబడుచున్న సంగతియే. పాతదానిని చేతికిమ్మని అడుగుట దానికి మందు. ఇప్పుడు హెపాయని, పీఎం 2.5 అని, బొగ్గుపొర యని మూడురెట్లు ధరకు అమ్మజూచుట మరొకటి. అసలైన హెపా యనగా 0.3 మైక్రాను రేణువులలో నూటికి 99.97 పాళ్లను పట్టవలెను; అంత దట్టమైన వస్త్రముగుండా గాలిని లాగు శక్తి మన చిన్నకార్ల బ్లోయర్లకు ఉన్నదో లేదో చెప్పువారు లేరు. బొగ్గుపొర లారీపొగ వాసనను కొంత హరించును. ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడును అది పట్టదు. మూడేండ్లు మార్చక యుంచిన ఖరీదైన ఫిల్టరుకంటె, వేళకు మార్చిన సాధారణమైనది మన సీమకు మేలని నా నిశ్చితాభిప్రాయము.

కంపెనీ పుస్తకమును ప్రమాణముగా చూపువారితో కూడ నాకు పేచీ కలదు. ఇన్నివేల కిలోమీటర్ల కొకసారి మార్పుడని అందులో అచ్చువేసి, దుమ్ముప్రదేశములలో అంతకుముందే మార్పుడని క్రింద చిన్నయక్షరములతో వ్రాయుదురు. మనవారు పెద్దయక్షరములు మాత్రమే చదువుదురు. ఫిల్టర్లను పరీక్షించు ప్రయోగశాలలు వాడు ప్రామాణికధూళి అమెరికాలోని ఆరిజోనా యెడారిమన్నునుండి చేసినది. జమ్మలమడుగు దారి దుమ్మునకు ఆ గౌరవము ఇంకను దక్కలేదు. కిలోమీటర్ల లెక్కయు ఇక్కడ సరిపడదు: బెంగుళూరు రహదారిపై వేయి కిలోమీటర్లు పోయిన కారుకంటె, బనగానపల్లెనుండి బేతంచెర్లకు నెలదినములు తిరిగిన కారు ఎక్కువ ధూళి త్రాగును. లెక్క వేయవలసినది ఋతువులతో. శనగనూర్పిళ్లు ముగిసి ఎండలు ముదురుటకు ముందొకసారి, ఆషాఢపు గాలి తగ్గిన తరువాత నొకసారి, ఇట్లు సాలునకు రెండుసార్లు మార్చుట ఈ జిల్లాలలో మితమైన పద్ధతియే గాని దుబారా కాదు. గనులవైపు నిత్యము పోవువారు మూడవసారిని గూర్చి కూడ ఆలోచింపవలెను.

మార్చుటకు షోరూము దాక పోవలసిన పనిలేదు. కారు పేరు, సంవత్సరము చెప్పి స్పేరుపార్టుల దుకాణములో కొనవచ్చును. నకిలీలు కలవు గనుక, మడతలు దగ్గరదగ్గరగా నున్నవో లేవో, అంచు స్పాంజి చుట్టును ఉన్నదో లేదో, పాతదాని కొలతకు సరిపోవునో లేదో చేతబట్టి చూడవలెను. బ్లోయరు ఆపి, గ్లవ్ బాక్సులోని సామాను తీసి, దాని రెండు ప్రక్కలను లోనికి నొక్కినచో చాల కార్లలో అది క్రిందికి జారును. వెనుక మూత కనబడును. మూత తీసి పాతదానిని మెల్లగా, వంచకుండ, లోపల దులుపకుండ లాగి, వెంటనే సంచిలో వేసి కట్టవలెను. క్రొత్తదానిమీద గాలి పోవు దిక్కును చూపు బాణపుగుర్తుండును. పాతది ఎటున్నదో చూచి అదే దిక్కునకు పెట్టవలెను, తలక్రిందులుగా దోపినవారు అనేకులు. లోపల రాలిన ఆకులను తడిగుడ్డతో తీసి మూత బిగించినచో పని సరి; స్క్రూడ్రైవరుతో పని యుండుట యరుదు. బిగించిన తేదీని ఆ ప్లాస్టిక్ మూతమీదనే పెన్నుతో వ్రాసియుంచుట మంచిది. తరువాత సర్వీసునాడు అడ్వైజరు జాబ్ కార్డు వ్రాయుచు ఏసీ ఫిల్టరు పంక్తి దగ్గరకు వచ్చినపుడు ఆ తేదీని చూపి పంక్తిని కొట్టివేయింపుడు. "అట్లయితే ఉన్నదానికే గాలి కొట్టి యిచ్చెదము సార్, అది ఫ్రీ" అని అతడు మర్యాదకు అన్నచో, దానిని ముట్టవలదని గట్టిగా చెప్పుడు.